ఎప్పుడు ఊహించకూడదో నేర్చుకుంటున్న ప్రాసెసర్



మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు టమాటా పండించే ప్రతి రైతుకూ ఒక చిక్కు ఉంది. నారు నాటే రోజున కోతనాటి ధర తెలియదు. నాటిన రెండు నెలల పైచిలుక్కి గానీ కాయ మార్కెట్టుకు రాదు. ధర తేలాక నాటుదామని కూర్చుంటే మడి ఖాళీగా పడి ఉంటుంది. అందుకని కిందటేడు ఈ నెలలో ఏం జరిగింది, చుట్టుపక్కల ఎవరెంత వేశారు అని లెక్కలు చూసుకుని, ఒక అంచనాకు వచ్చి నాటేస్తాడు. అంచనా నిజమైతే సరే. తప్పితే విత్తనం, ఎరువు, కూలి, అన్నిటికీ మించి ఆ రెండు నెలల కాలం పోతుంది.

మీ జేబులో ఉన్న ఫోన్‌లోని ప్రాసెసర్‌దీ ఇదే చిక్కు. అది సెకనుకు కోట్లసార్లు ఇలా అంచనా వేసి పని మొదలుపెడుతుంది. ఈ అంచనాను ఇంజనీర్లు బ్రాంచ్ ప్రిడిక్షన్ అంటారు. దాన్ని మెరుగుపరచడానికి నలభై ఏళ్లకు పైగా జరిగిన కృషి గురించి, అందులో మన పాత చిత్తూరు జిల్లాకు రెండు మూడు గంటల ప్రయాణ దూరంలో జరిగిన ఒక పని గురించి ఈ రోజు మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

ప్రోగ్రాం అంటే ఒకదాని తర్వాత ఒకటిగా రాసి పెట్టిన ఆదేశాల వరస. ఆ వరస తిన్నగా సాగదు. దాదాపు ప్రతి ఐదారు ఆదేశాలకు ఒకచోట ‘ఇది నిజమైతే ఇటు పో, కాకపోతే అటు పో’ అనే ప్రశ్న వస్తుంది. అదే బ్రాంచి. పాల కేంద్రంలో లెక్కలు కట్టే ప్రోగ్రాంనే తీసుకోండి. వెన్న ఐదు శాతం దాటితే ఒక రేటు, దాటకపోతే ఇంకో రేటు. పాలు పోసిన ప్రతి మనిషి లెక్క దగ్గరా ప్రోగ్రాం ఈ ప్రశ్న వేసుకుంటుంది.

ప్రశ్నకు జవాబు వచ్చేదాకా ఆగితే ఏం పోయిందని మీరు అడగవచ్చు. ప్రాసెసర్ ఒక ఆదేశాన్ని మొదలుపెట్టి, అది పూర్తయ్యాక మరొకటి తీసుకునే యంత్రం కాదు. ఆదేశాన్ని తేవడం, అర్థం చేసుకోవడం, కావలసిన అంకెలు అందుకోవడం, లెక్క కట్టడం, ఫలితం రాయడం వేరు వేరు అంచెలు. ఒక ఆదేశం మూడో అంచెలో ఉండగానే దాని వెనకది రెండో అంచెలో, ఆ వెనకది మొదటి అంచెలో ఉంటాయి. దీన్ని పైప్‌లైన్ అంటారు. 1993లో వచ్చిన మొదటి పెంటియం ప్రాసెసర్‌లో పూర్ణాంకాల పనికి ఐదు అంచెలుండేవి. 2004లో వచ్చిన ప్రెస్కాట్ పెంటియం-4లో ఆ సంఖ్య 31కి చేరింది. అంచెలు పెరిగేకొద్దీ బ్రాంచి జవాబు తేలడం ఆలస్యమవుతుంది. అది తేలేదాకా కొత్త ఆదేశాలు తేకుండా ఆగితే వెనకనున్న అంచెలన్నీ ఖాళీ. ఆగకుండా అంచనా వేసి ముందుకు పోయి, ఆ అంచనా తప్పితే, అప్పటిదాకా లోపలికి తెచ్చినవన్నీ పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఇప్పటి పెద్ద ప్రాసెసర్లలో ఒక్క తప్పుకు పదిహేను, ఇరవై క్లాక్ టిక్కుల కాలం పోతుంది. ఒక్కో టిక్కులో నాలుగైదు ఆదేశాలు తీసుకోగల యంత్రానికి అది చిన్న నష్టం కాదు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. నూటికి తొంభై అయిదు అంచనాలు నిజమైతే బాగున్నట్టే అనిపిస్తుంది. ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్ ఒకేసారి 224 ఆదేశాలను చేతిలో పెట్టుకుని పని చేయగలదు. అందులో ఆరింటికి ఒకటి చొప్పున బ్రాంచి అనుకుంటే, ఇంచుమించు 35 అంచనాలు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి. మొదటిది తప్పితే తక్కినవన్నీ కూలతాయి. ఒక్కో అంచనా నూటికి 95 పాళ్లు నిజమయ్యేదైతే, 35కు 35 నిజమయ్యే అవకాశం నూటికి దాదాపు 17 మాత్రమే. ఒక్కో అంచనా నూటికి 99 పాళ్లు నిజమైతే ఆ అవకాశం 70కి లేస్తుంది. 95కీ 99కీ మధ్య నాలుగే అంకెల తేడా. ఆ నాలుగు అంకెల కోసమే ఎందరో మేధావులు జీవితాలను వెచ్చించారు. ఆ శ్రమ ఎంత విలువైనదో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మొదట చేసిన అంచనాలు చాలా సాదావి. బ్రాంచి ఎప్పుడూ ఇటే పోతుందనుకోవడం, లేదా కిందటిసారి ఎటు పోయిందో ఈసారీ అటే అనుకోవడం. 1981లో అమెరికాలోని కంట్రోల్ డేటా కార్పొరేషన్‌లో పనిచేస్తున్న జేమ్స్ స్మిత్ ఈ పద్ధతులను పక్కపక్కన పెట్టి కొలిచారు. కిందటిసారిని మాత్రమే నమ్మడంలో ఉన్న లోపం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. పదిసార్లు తిరిగే ఒక లూప్ ఉందనుకోండి. తొమ్మిదిసార్లు వెనక్కి పోతుంది, పదోసారి బయటికి వస్తుంది. ఆ పదోసారి అంచనా తప్పుతుంది. మళ్లీ అదే లూప్‌లోకి వచ్చినప్పుడు, కిందటిసారి బయటికి వచ్చింది కదా అని మొదటి చుట్టులోనూ తప్పుతుంది. ఒక్క లూప్‌కు రెండు తప్పులు. స్మిత్ చూపిన మందు రెండు బిట్ల కౌంటర్. సున్నా నుంచి మూడు దాకా లెక్కపెట్టే చిన్న గుర్తు. ఒక్కసారి ఎదురైన వింతకు మనసు మార్చుకోదు. వరసగా రెండుసార్లు ఎదురైతేనే మారుతుంది. దాంతో లూప్‌కు ఒక్క తప్పే మిగులుతుంది.

తరవాతి పదేళ్లకు పెద్ద మలుపు వచ్చింది. 1991లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో త్సే-యూ యే, ఆయన గురువు యేల్ పాట్ కలిసి, బ్రాంచి ఒక్కసారి ఎటు పోయిందన్నది కాక, కొన్నిసార్లుగా ఏ వరసలో పోతోందన్నది గుర్తుపెట్టుకోవాలన్నారు. ఆ వరసను బట్టి రెండో పట్టికలో చూసి అంచనా చెప్పాలన్నారు. ఆ చరిత్రలోకి వేరే బ్రాంచిల జవాబులు కూడా వచ్చి చేరాయి. మన పాల లెక్కకు వద్దాం. ప్రోగ్రాం ముందు ‘ఇవి ఆవు పాలేనా’ అని అడిగి, కొన్ని ఆదేశాల తర్వాత ‘వెన్న ఐదు దాటిందా’ అని అడుగుతుందనుకోండి. రెండో ప్రశ్నను విడిగా చూస్తే ఏమీ తోచదు. మొదటి ప్రశ్నకు జవాబు గుర్తుంటే మాత్రం రెండోది దాదాపు తేలిపోయినట్టే. ఆవు పాలలో వెన్న ఐదు దాటడం తక్కువ, గేదె పాలలో దాటకపోవడం తక్కువ. వేరు వేరు బ్రాంచిల మధ్య ఇలాంటి చుట్టరికాలు ప్రతి ప్రోగ్రాంలోనూ వేలకొద్దీ ఉంటాయి. ప్రోగ్రాం రాసిన మనిషికి కూడా తెలియని చుట్టరికాలను యంత్రం తనంతట తాను కనిపెట్టగలగడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

1993లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీకి చెందిన స్కాట్ మెక్‌ఫార్లింగ్ ఒక పొదుపు మార్గం చూపించారు. బ్రాంచి చిరునామాను, అప్పటిదాకా నడిచిన దారుల చరిత్రను కలిపి ఒకే సూచికగా వాడే ఆ పద్ధతి పేరు జీ-షేర్. చెన్నై ఐఐటీలో ఆచార్య కామకోటి నాయకత్వంలో రూపొందిన శక్తి ప్రాసెసర్లలో సీ-క్లాస్ అనే రకం ఉంది. ఐదంచెల చిన్న ప్రాసెసర్ అది. అందులో అంచనా చెప్పేది ఈ జీ-షేరే. దాని డిజైన్ మొత్తం ఎవరైనా తెరిచి చదువుకునేలా బయట పెట్టారు. మన దేశంలో తయారైన ప్రాసెసర్ లోపల బ్రాంచి అంచనా ఎలా నడుస్తుందో ఒక విద్యార్థి వరస వరసగా చదవగలగడం ఒక తరం కింద ఊహకు కూడా అందని సంగతి.

2001లో టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి డానియెల్ హిమెనెజ్, కాల్విన్ లిన్ మరో దారి పట్టారు. 1950లలో పుట్టిన పర్‌సెప్ట్రాన్ అనే కృత్రిమ నాడీకణాన్ని తెచ్చి బ్రాంచి అంచనాకు వాడి చూపించారు. పాత జవాబులు ఒక్కొక్కదానికి ఒక్కో బరువు ఇస్తారు. అంచనా నిజమయ్యేకొద్దీ, తప్పేకొద్దీ ఆ బరువులు సర్దుకుంటాయి. ఈ రోజు అందరి నోటా నలుగుతున్న కృత్రిమ మేధ, అంత హడావుడి లేని రోజుల్లోనే, మామూలు ప్రాసెసర్ లోపల జవాబు చెప్పేందుకు సిద్ధమైంది. 2006లో ఫ్రాన్స్‌లోని రెన్ నగరం నుంచి ఆంద్రె సెజ్‌నెక్, పియేర్ మిషో ‘టేజ్’ అనే పద్ధతిని ప్రకటించారు. అన్ని బ్రాంచిలకూ ఒకే పొడవు చరిత్ర చూడటం వృథా అన్నది అందులోని ఆలోచన. ఒక పట్టిక దగ్గరి చరిత్రను చూస్తుంది, ఇంకోటి దానికి కొన్ని రెట్ల దూరం, మరోటి మళ్లీ అన్ని రెట్లు, ఇలా వందల బ్రాంచిల వెనక దాకా. వాటిలో అన్నిటికన్నా పొడవైన చరిత్రతో సరిపోలిన పట్టిక మాటే చెల్లుతుంది. ఈనాటి మేలైన అంచనా యంత్రాలు చాలావరకు ఈ రెండు కుటుంబాల నుంచి వచ్చినవే. 2019లో వచ్చిన ఏఎండీ జెన్-2 ప్రాసెసర్‌లో రెండూ కలిసి పనిచేస్తాయి.

ఈ విజయానికి ఒక చీకటి కోణం కూడా ఉంది. 2018 జనవరిలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. అంచనా తప్పినప్పుడు ప్రాసెసర్ లెక్కలు పారేస్తుంది గానీ, ఆ తప్పు దారిలో నడిచినప్పుడు క్యాష్ అనే దగ్గరి మెమరీలోకి తెచ్చుకున్నవి అక్కడే మిగిలిపోతాయి. ఆ జాడల నుంచి రహస్యాలు రాబట్టవచ్చని గూగుల్‌కు చెందిన యాన్ హార్న్, స్వతంత్ర పరిశోధకుడు పాల్ కోచర్ వేరు వేరుగా కనిపెట్టారు. ఇంటెల్, ఏఎండీ, ఆర్మ్ ప్రాసెసర్లు ఎన్నో దాని బారిన పడ్డాయి. అప్పటి నుంచి ఒక ప్రోగ్రాం నేర్పిన అలవాటు ఇంకో ప్రోగ్రాం మీద పనిచేయకుండా చూడటం కూడా మెరుగుదల కిందికే వచ్చింది. ఇది విడిగా ఒక ప్రసంగానికి సరిపడే విషయం, కాబట్టి ఇంతటితో వదిలేస్తాను.

నేను అసలు చెప్పదలచుకున్నది, ఇంత చేసినా లొంగని బ్రాంచిల సంగతి. పాల ప్రోగ్రాం ‘ఆవు పాలేనా’ అని ముందుగా అడగకుండా నేరుగా వెన్న శాతమే చూస్తుందనుకోండి. పాలు ఏ వరసలో వస్తాయి? ఒకరు ఆవు పాలు తెస్తారు, వెనకనే వచ్చినవారు గేదె పాలు తెస్తారు, ఆ తర్వాత ఎవరో. అందులో ఏ క్రమమూ లేదు. వెయ్యి బ్రాంచిల వెనక దాకా తవ్వినా దొరికేది ఏమీ లేదు, ఎందుకంటే జవాబు చరిత్రలో లేదు, క్యానులో ఉంది. ఒక్క కేంద్రంలోని కొన్ని వందల లెక్కలకు ఈ నష్టం తెలియదు. కోట్ల రికార్డులను జల్లెడ పట్టే బ్యాంకు సర్వర్లలో, వెతుకులాట యంత్రాల్లో మాత్రం ఇలాంటి కొద్దిపాటి మొండి బ్రాంచిలే ప్రాసెసర్ వేగాన్ని పట్టి వెనక్కి లాగుతున్నాయి. ప్రాసెసర్ ఎంత వెడల్పైతే, ఎంత లోతైతే, వీటి వల్ల పోయేది అంత పెరుగుతుంది.

మన ప్రాంతంలో పలమనేరు పక్కనున్న గంగవరం నుంచి చూస్తే తూర్పున చెన్నై, పడమట బెంగళూరు. తూర్పున శక్తి పుట్టింది. పడమట, ముళబాగిలు, కోలారు దాటి పోతే వచ్చే బెంగళూరులో, ఇంటెల్ వారి ప్రాసెసర్ ఆర్కిటెక్చర్ పరిశోధనశాల ఈ మొండి బ్రాంచిల మీదే పని పెట్టుకుంది. ఆదర్శ్ చౌహాన్, జయేశ్ గౌర్, ఆ పరిశోధనశాలను నడిపించిన శ్రీనివాస్ సుబ్రమణి, ఇంటెల్‌లోని మరికొందరు సహచరులతో కలిసి 2020లో ఐస్కా అనే అంతర్జాతీయ సదస్సులో ఒక పత్రం సమర్పించారు. కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌లో అన్నిటికన్నా గౌరవం ఉన్న సదస్సు అది. ఇంకా బాగా ఊహించడం ఎలా అని ఈ పత్రం అడగలేదు. ఏ బ్రాంచిల దగ్గర ఊహించడమే మానుకోవాలి అని అడిగింది.

ఊహించకపోతే మరేం చేయాలి? మొదట చెప్పిన రైతు దగ్గరే జవాబు ఉంది. వాన ఎలా ఉంటుందో తెలియని మెట్ట చేనులో ఆయన ఒక్క పంటనే నమ్ముకోడు. వేరుశనగ సాళ్ల మధ్య కంది వేస్తాడు. ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుంది. ప్రాసెసర్ కూడా అంతే. బ్రాంచికి అటు వైపు ఆదేశాలను, ఇటు వైపు ఆదేశాలను, రెండింటినీ లోపలికి తెస్తుంది. జవాబు తేలాక అక్కరలేని వైపుదాన్ని చెల్లకుండా చేస్తుంది. పైప్‌లైన్‌ను ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టే పని తప్పుతుంది. దీన్ని ప్రెడికేషన్ అంటారు.

ఆలోచన పాతదే. ఆర్మ్ తొలి ప్రాసెసర్లలో దాదాపు ప్రతి ఆదేశానికీ ‘ఈ షరతు ఉంటేనే’ అని తగిలించే వీలుండేది. 2001లో మార్కెట్లోకి వచ్చిన ఇంటెల్ వారి ఇటేనియం ప్రాసెసర్ దీని మీద చాలా ఆశ పెట్టుకుంది. అయితే ఎక్కడ రెండు దారులూ పట్టాలో నిర్ణయించేది కంపైలర్, అంటే ప్రోగ్రాంను యంత్ర ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఏ బ్రాంచి మొండికేస్తుందో కంపైలర్‌కు ముందుగా తెలియదు. రెండు దారులకూ ఖర్చుంది మరి. కంది వేసినచోట వేరుశనగ తగ్గినట్టే, అక్కరలేని దారిలోని ఆదేశాలు అక్కరకొచ్చేవాటి చోటు తింటాయి. పైగా తర్వాతి లెక్కలు బ్రాంచి జవాబు కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. బాగా ఊహించగలిగే బ్రాంచి దగ్గర ఇలా చేస్తే చేజేతులా నష్టపోవడమే.

బెంగళూరు బృందం నేర్పు అంతా ఈ ఎంపికలో ఉంది. ప్రాసెసర్ తానే చూస్తుంటుంది: ఏ బ్రాంచి పదే పదే తప్పుతోంది? ఆ తప్పు నిజంగా వేగాన్ని దెబ్బతీస్తోందా? రెండు దారులూ కొద్ది దూరంలోనే మళ్లీ కలుస్తున్నాయా? కలవకపోతే రెండూ తేవడం వృథా ప్రయాస. ఇవన్నీ కుదిరిన కొద్ది బ్రాంచిల దగ్గరే ఊహ మానేస్తుంది. అంతటితో నమ్మి ఊరుకోదు. కొంతసేపు ఈ పద్ధతితో, కొంతసేపు ఇది లేకుండా నడిపి, రెండింటికీ పట్టిన కాలాన్ని పోల్చుకుంటుంది. మేలు లేకపోతే మానుకుంటుంది. కంపైలర్‌ను మార్చక్కర్లేదు, ప్రోగ్రాంను తిరగరాయక్కర్లేదు. దీనికంతటికీ అదనంగా కావలసిన నిల్వ 386 బైట్లు. తెలుగు అక్షరాల్లో చెప్పాలంటే రెండు మూడు చిన్న వాక్యాలు రాసుకునేంత చోటు. స్కైలేక్ లాంటి ప్రాసెసర్‌ను సిమ్యులేషన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌లో అనుకరించి నడిపి చూస్తే పనితీరు 8 శాతం పెరిగింది. తప్పు అంచనాల వల్ల పైప్‌లైన్ ఖాళీ చేయాల్సి రావడం 22 శాతం తగ్గింది. పారేసే పని తగ్గితే వృథా అయ్యే కరెంటు కూడా తగ్గుతుంది. ఈ రంగంలో ఒకటి రెండు శాతం మెరుగుదలకు ఏళ్లు పడతాయి. 386 బైట్లతో 8 శాతమంటే, నా దృష్టిలో ఇది ఎంతో అందమైన ఇంజనీరింగ్.

ఒకటికి మించిన దారులను వెంట ఉంచుకోవడం అనగానే మన జిల్లా మనిషిని తలుచుకోవాలి. పాత చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1994లో కంప్యూటర్ రంగంలోని ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. మాటను గుర్తుపట్టే యంత్రాల మీద ఆయన ఎన్నో ఏళ్లు పనిచేశారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన శిష్యుడు బ్రూస్ లోవెర్ 1976లో తయారుచేసిన హార్పీ అనే యంత్రం వెయ్యికి పైగా మాటలను గుర్తుపట్టేది. వినిపించిన శబ్దం ఏ మాటో వెంటనే తేలనప్పుడు అది ఒక్క ఊహకు కట్టుబడలేదు. నమ్మదగిన కొన్ని దారులను మాత్రం వెంట ఉంచుకుని, తక్కినవి వదిలేస్తూ ముందుకు సాగింది. బీమ్ సెర్చ్ అనే ఆ పద్ధతి ఈనాటి భాషా యంత్రాల్లోనూ పనిచేస్తోంది. హార్పీకీ బెంగళూరు పత్రానికీ నేరుగా సంబంధం లేదు. కానీ ఎన్ని దారులను ఎంతదాకా వెంట ఉంచుకోవాలన్నది రెండు చోట్లా ఒకే ప్రశ్న.

ఈ సంగతులన్నీ మదనపల్లె, కుప్పం ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలను మనసులో పెట్టుకునే చెబుతున్నాను. బెంగళూరు బస్సెక్కేవారిలో చాలామందికి చిప్ డిజైన్ అంటే వేల కోట్ల ఫ్యాక్టరీ ఉంటే గానీ జరగని పని అన్న భయం ఉంది. చిప్ తయారీకి అది నిజం. బ్రాంచి అంచనా పరిశోధనకు నిజం కాదు. నేను చెప్పిన పత్రాల్లో చాలా ఆలోచనలు సిలికాన్ ముట్టకుండా, సిమ్యులేటర్‌లో రుజువైనవే. చాంప్‌సిమ్, జెమ్-5 అనే సిమ్యులేటర్లు ఉచితంగా దొరుకుతాయి. అంచనా పద్ధతుల మీద ప్రత్యేకంగా 2004 నుంచి అప్పుడప్పుడు అంతర్జాతీయ పోటీలు జరుగుతున్నాయి. పోటీలో అందరికీ ఒకే ప్రోగ్రాంల నడకలు ఇస్తారు, నిల్వకు ఒక హద్దు పెడతారు. 2016 పోటీలో ఒక విభాగానికి ఆ హద్దు 8 కిలోబైట్లు. గెలిచినవారి కోడ్ కూడా బయట పెడతారు. సీ ప్లస్ ప్లస్ వచ్చిన విద్యార్థి మామూలు ల్యాప్‌టాప్ మీద సెజ్‌నెక్ గారి కోడ్ నడిపి, ఒక పట్టిక తీసేసి, తప్పులు ఎన్ని పెరిగాయో చూసుకోవచ్చు. ఏ బ్రాంచిలు లొంగలేదో జాబితా వేసుకుని, అవి ఎందుకు లొంగలేదో ఆలోచించవచ్చు. ఆ జాబితా దగ్గరే ప్రపంచంలోని పెద్ద పరిశోధనశాలలు కూడా ఈ రోజు కూర్చుని ఉన్నాయి.

అంతకన్నా ముందు, ఈ సాయంత్రమే చేయగల చిన్న ప్రయోగం ఒకటి ఉంది. లైనక్స్ ఉన్న కంప్యూటర్‌లో సున్నా నుంచి 255 లోపు సంఖ్యలు కొన్ని లక్షలు ఎడాపెడా పుట్టించండి. 128కి తక్కువ కానివాటిని మాత్రమే కూడే ప్రోగ్రాం రాయండి. ఆ కూడిక వెయ్యిసార్లు తిరిగేలా పెట్టండి. ఒకసారి సంఖ్యలను అలాగే ఉంచి, ఇంకోసారి చిన్న నుంచి పెద్దకు వరస పెట్టి నడపండి. పెర్ఫ్ అనే ఉపకరణాన్ని బ్రాంచ్ మిస్‌లు లెక్కపెట్టమని అడగండి. కూడిక అదే, మొత్తం అదే, అయినా తప్పిన అంచనాల సంఖ్య, పట్టిన కాలం రెండూ బాగా తేడాగా వస్తాయి. కంపైలర్‌ను ఆప్టిమైజ్ చేయమని అడగకుండా ఈ ప్రయోగం చేయండి. అడిగితే అది చాలాసార్లు ఆ బ్రాంచినే తీసేసి, రెండు దారుల లెక్కా ఒకేసారి చేసే ఆదేశాలు పెడుతుంది, తేడా కనిపించదు. అలా జరిగితే కంపైలర్ రాసిన అసెంబ్లీ కోడ్ తెరిచి, అది బ్రాంచిని ఎక్కడ, ఎలా మాయం చేసిందో వెతికి చూడండి.